కొలిచాకే బోరింగ్: పాత టూ స్ట్రోక్ ఇంజిన్ నేర్పే పాఠం

(ఉపకార వేతనాల పంపిణీ సందర్భంగా విద్యార్థులు, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగం పాఠం)



ఇలాంటి సభల్లో మాట్లాడేవారు క్రమశిక్షణ గురించి, పెద్ద లక్ష్యాల గురించి చెబుతారు. అవి మీరు చాలాసార్లు విన్నారు. నేను ఈ రోజు ఒక ఇంజిన్ గురించి చెప్పాలనుకుంటున్నాను. కారణం ఉంది. మైసూరు, హోసూరు, కోయంబత్తూరు, షోలాపూరు, బరంపురం, యానాం, ఎక్కడికి వెళ్లినా ఒక పాత టూ స్ట్రోక్ మోటారు సైకిలును విప్పి దాని ముందు కూర్చున్న కుర్రవాడు కనిపిస్తాడు. అతను అడిగే ప్రశ్న ఒకటే: "బోర్ పెంచితే బండి ఎంత లాగుతుంది సార్?" అతని తల్లిదండ్రులు అడిగేది ఇంకొకటి: "మావాడు పుస్తకం వదిలేసి షెడ్డులో కూర్చుంటున్నాడు, ఏం చేయమంటారు?" ఈ రెండు ప్రశ్నలకూ ఒకే చోట జవాబు ఉందని నా నమ్మకం. అది మీ ముందు పెడతాను.

మట్టిదారి బళ్ల కథ

రోడ్డు మీద కాకుండా మట్టిలో, కొండదారుల్లో, ఇసుకలో నడపడానికి తయారైన మోటారు సైకిళ్లను ఆఫ్ రోడ్ బళ్లు అంటారు. 1968లో యమహా కంపెనీ డి.టి.-1 అనే బండిని అమెరికాలో విడుదల చేసింది. అందులో ఉన్నది ఒకే సిలిండరు ఉన్న 246 సీసీ టూ స్ట్రోక్ ఇంజిన్. సిలిండరు వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం 64 మిల్లీమీటర్లు. తేలికగా ఉండటం, విప్పడం సులువు కావడం వల్ల అలాంటి బళ్లు అక్కడ ఎడారుల్లో, అడవి దారుల్లో బాగా నడిచాయి. తర్వాత డి.టి. 175 వంటి చిన్నవీ వచ్చాయి. ఆ కాలపు బళ్లను ఇప్పటికీ బాగుచేసుకుని నడిపేవారు చాలా దేశాల్లో ఉన్నారు.

మన దేశంలో ఆ బళ్లు అరుదు. ఇక్కడ మట్టి పందాలకు దిగినవి ఎక్కువగా రోడ్డు బళ్లే. 1961 నుంచి 1996 వరకు మైసూరులో ఐడియల్ జావా ఫ్యాక్టరీ నుంచి వచ్చిన జావా, యెజ్డీ బళ్లు, 1985లో వచ్చిన యమహా ఆర్.ఎక్స్. 100 వాటిలో ముఖ్యమైనవి. ఊరు ఏదైనా, పేరు ఏదైనా, లోపలి సూత్రం ఒకటే. అందుకే డి.టి. 175ను ఉదాహరణగా తీసుకుని చెబితే, మీ ఇంటి ముందున్న ఆర్.ఎక్స్. 100కు కూడా అది వర్తిస్తుంది.

మట్టిలో నడిచే ఇంజిన్ తొందరగా అరుగుతుంది. ఎయిర్ ఫిల్టరులో చిన్న చిరుగు ఉన్నా సన్నటి దుమ్ము పెట్రోలుతో కలిసి లోపలికి పోతుంది. అది నూనెతో కలిస్తే గోడలను అరగదీసే ముద్ద అవుతుంది. కొన్నాళ్లకు పిస్టన్ కటకటమని చప్పుడు చేస్తుంది, కిక్కు మెత్తబడుతుంది, ఎక్కుడులో బండి లాగదు. మన మెకానిక్కులు "ఇంజిన్ బోరుకొచ్చింది" అంటారు. అంటే అరిగిన సిలిండరును లోపల కాస్త పెద్దదిగా కోసి, దానికి తగిన పెద్ద పిస్టన్ వేయాలి. ఇది రిపేరు. ఎలాగూ కోస్తున్నాం కదా, ఇంకాస్త ఎక్కువ కోసి పెద్ద ఇంజిన్ చేసేద్దాం అనే ఆశ అక్కడే పుడుతుంది. అది మార్పు. ఈ రెండింటి మధ్య తేడా ముందు తెలియాలి.

లెక్క ఏం చెబుతుంది?

ఇంజిన్ సామర్థ్యం లెక్క తొమ్మిదో తరగతి పిల్లలకు తెలిసిన స్తూపం ఘనపరిమాణమే. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి, 0.7854తో గుణించి, పిస్టన్ కదిలే దూరంతో గుణించాలి. డి.టి. 175లో వ్యాసం 66 మి.మీ., కదిలే దూరం 50 మి.మీ. లెక్క వేస్తే 171 సీసీ వస్తుంది. రిపేరులో మొదటి ఓవర్‌సైజు పిస్టన్ పావు మిల్లీమీటరు పెద్దది. షెడ్డు భాషలో "పది తౌ". తౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. అంటే 0.0254 మి.మీ. పది తౌ వేస్తే ఇంజిన్ 172 సీసీ అవుతుంది. పెరిగింది ఒక్క సీసీ మాత్రమే. పూర్తి 1 మి.మీ. కోసి 67 చేసినా 176 సీసీ. అంటే మూడు శాతం. 70 మి.మీ. వరకు వెళ్తే 192 సీసీ, పన్నెండు శాతానికి పైగా వస్తుంది.

వ్యాసం వర్గం అవుతుంది కాబట్టి నాలుగు మిల్లీమీటర్లు చాలా పని చేస్తాయి. 2000ల మధ్యకాలపు యమహా వై.జెడ్. 125 పందెపు బండికి 54 మి.మీ. బోర్‌ను 58కి పెంచి, 125 సీసీ ఇంజిన్‌ను 144 సీసీ చేసుకున్నవారు విదేశాల్లో చాలామంది ఉన్నారు. కాగితం మీద లెక్క ఇంత సులువుగా ఉండటమే ప్రమాదం. సిలిండరు పెరిగితే ఇంజిన్‌లో మిగతావన్నీ పాతవిగానే ఉంటాయి. ఆ మాట లెక్క చెప్పదు.

ఒక్క సెకనులో మూడు వందో వంతు

ఇలాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌లో హెడ్డులో వాల్వులు ఉండవు. సిలిండరు గోడలోనే కిటికీల్లాంటి పోర్టులు ఉంటాయి. పిస్టన్ పైకీ కిందికీ కదులుతూ వాటిని మూస్తుంది, తెరుస్తుంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ముందుగా ఎగ్జాస్ట్ పోర్టు తెరుచుకుని కాలిన పొగ బయటికి పోతుంది. తర్వాత ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరుచుకుని కింద క్రాంక్ గదిలో ఉన్న తాజా పెట్రోలు గాలి పైకి వస్తుంది.

ఇంజిన్ నిమిషానికి 6,000 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక చుట్టుకు పట్టే సమయం సెకనులో నూరో వంతు. ట్రాన్స్‌ఫర్ పోర్టులు తెరిచి ఉండేది అందులో సుమారు మూడో వంతు. అంటే సెకనులో మూడు వందో వంతు. అంత తక్కువ వ్యవధిలో 171 సీసీకి సరిపోయేలా తీర్చిన కిటికీల గుండా ఇప్పుడు 192 సీసీకి కావలసిన గాలి రావాలి. సిలిండరును లోపల గుండ్రంగా కోసినంత మాత్రాన కిటికీల వెడల్పు పెద్దగా పెరగదు. అందువల్ల బోర్ మాత్రమే పెంచిన ఇంజిన్ కింది వేగాల్లో బాగా లాగుతుంది కానీ పై వేగాల్లో ఊపిరాడక త్వరగా అలసిపోతుంది. బురదలో, ఎక్కుడులో నడిపేవారికి ఇది మంచిదే కావచ్చు. టాప్ స్పీడు పెరుగుతుందని కోసినవాడికి మాత్రం నిరాశే మిగులుతుంది. ముందు ఏం కావాలో తెలియకుండా కోస్తే వచ్చేది ఇదే.

మరో విషయం. ట్రాన్స్‌ఫర్ దారులు చాలా ఇంజిన్లలో వాలుగా ఉంటాయి. గోడను కోస్తూ పోతే ఆ వాలు వల్ల కిటికీ పై అంచు ఎత్తు కూడా కొద్దిగా మారుతుంది. అంటే పోర్టు తెరుచుకునే సమయం మారుతుంది. మనం వ్యాసం మార్చామనుకుంటాం, నిజానికి టైమింగ్ కూడా మార్చాం.

పిస్టన్ కదిలే దూరాన్ని పెంచే పద్ధతి కూడా ఉంది. దానికి క్రాంకు మార్చాలి. 2 మి.మీ. పెంచితే పిస్టన్ పైకి 1 మి.మీ., కిందికి 1 మి.మీ. అదనంగా వెళ్తుంది. పైన హెడ్డుకు తగలకుండా సిలిండరు కింద 1 మి.మీ. మందం పలక వేస్తారు. దాంతో అన్ని పోర్టులూ 1 మి.మీ. పైకి లేస్తాయి. మళ్లీ టైమింగ్ మారుతుంది. ఇంజిన్‌లో ఒకదాన్ని ముట్టుకుంటే ఇంకొకటి కదులుతుంది.

సీసీ పెంచకుండానే శక్తి పెంచినవాడు

ఇక్కడ ఒక మనిషి పేరు మీరు గుర్తుంచుకోవాలి. వాల్టర్ కాడెన్. తూర్పు జర్మనీలో ఎం.జెడ్. కంపెనీ ఇంజినీరు. డబ్బు లేదు, మంచి సామాను దొరకదు. అయినా 1950లలో టూ స్ట్రోక్ సైలెన్సరులో పొగ అలలు ఎలా వెనక్కి కొట్టుకొస్తాయో శ్రద్ధగా చదివి, మధ్యలో ఉబ్బి చివర సన్నబడే ఎక్స్‌పాన్షన్ ఛాంబరును తీర్చిదిద్దాడు. బయటికి జారిపోయే తాజా పెట్రోలు గాలిని ఆ అల సరైన క్షణంలో సిలిండరులోకి తోసేస్తుంది. 1961 నాటికి ఆయన 125 సీసీ ఇంజిన్ 25 హార్స్‌పవర్ ఇచ్చింది. అంటే లీటరుకు 200. అదే ఏడాది ఆ జట్టు రైడరు ఎర్నెస్ట్ డెగ్నర్ తూర్పు జర్మనీ వదిలి పారిపోయి జపాను సుజుకీ కంపెనీలో చేరాడు. ఆ పరిజ్ఞానం అతనితో వెళ్లింది. 1962లో సుజుకీ 50 సీసీ ప్రపంచ టైటిలు గెలిచింది.

కాడెన్ సిలిండరును ఒక్క సీసీ కూడా పెంచలేదు. ఉన్నదాన్ని అర్థం చేసుకున్నాడు. పెద్దది చేయడం ఒక దారి మాత్రమే, అది కూడా చివరి దారి అని చెప్పడానికే ఈ కథ చెప్పాను.

పని చేసే వరుస

ఇప్పుడు ఐ.టి.ఐ., డిప్లొమా పిల్లలు నోటుబుక్కు తీయండి. ఎవరైనా "బోర్ పెంచాలి" అని బండి తెస్తే ఏ వరుసలో పని చేయాలో చెబుతాను.

మొదటిది, శక్తి ఎందుకు తగ్గిందో తెలుసుకోవాలి. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందా, సైలెన్సరులో బొగ్గు పేరుకుందా, కార్బొరేటరు జెట్ మురికిపట్టిందా, క్రాంకు రెండు పక్కలా ఉండే ఆయిల్ సీళ్లు గాలి పీలుస్తున్నాయా చూడాలి. టూ స్ట్రోక్‌లో క్రాంక్ గది కూడా పంపులా పనిచేస్తుంది. సీలు పోతే పక్కదారిన గాలి చొరబడి పెట్రోలు పలచబడుతుంది, ఇంజిన్ వేడెక్కి పట్టేస్తుంది. పాత సీళ్ల మీద కొత్త బోరింగ్ చేయించడం కారే పైకప్పు కింద కొత్త గోడకు సున్నం వేయించడం లాంటిది. చాలా బళ్లకు ఈ నాలుగూ సరిచేస్తే పోయిన శక్తి తిరిగొస్తుంది.

రెండవది, కొలవాలి. సిలిండరును పైన, మధ్యలో, కింద మూడుచోట్ల, ఒక్కో చోట అడ్డంగా, నిలువుగా రెండుసార్లు బోర్ గేజ్‌తో కొలవాలి. ఆరు అంకెలు వస్తాయి. పైకీ కిందికీ తేడా ఉంటే కోసుగా అరిగినట్టు, అడ్డానికీ నిలువుకీ తేడా ఉంటే కోడిగుడ్డులా అరిగినట్టు. ఆ ఆరు అంకెలు రాసుకోకుండా లేత్ దగ్గరికి వెళ్లకూడదు. వెర్నియర్ ఈ పనికి చాలదు, మైక్రోమీటరు కావాలి.

మూడవది, సిలిండరు దేనితో చేశారో చూడాలి. పాత గాలి చల్లదనపు ఇంజిన్లలో అల్యూమినియం లోపల పోత ఇనుము స్లీవు ఉంటుంది. దాన్ని కోయవచ్చు. తర్వాతి పందెపు బళ్లలో స్లీవు లేకుండా అల్యూమినియం మీదే నికెల్, సిలికాన్ కార్బైడు పూత ఉంటుంది. దాన్ని మామూలుగా బోర్ చేస్తే పూత పోతుంది, సిలిండరు చెడిపోతుంది. మళ్లీ పూత వేయించాలి లేదా స్లీవు ఎక్కించాలి. స్లీవు ఉన్నా దాని మందం చూడాలి. మరీ పలచగా కోస్తే వేడికి వంకర పోతుంది. చాలా పెద్ద బోర్‌కు స్లీవే మార్చాలి, కొన్నిసార్లు స్లీవు కింది అంచు దిగే క్రాంక్ కేసు నోటినీ కోయాల్సి వస్తుంది.

నాలుగవది, పిస్టన్ చేతికొచ్చాకే బోరింగ్. ఇది రాసుకుని కింద గీత గీయండి. డబ్బా మీద రాసిన సైజు చూసి కోయకూడదు. పిస్టన్‌ను కొలిచి, దానికి కంపెనీ చెప్పిన ఖాళీ కలిపి, ఆ సైజుకు కోయాలి. కొలిచే చోటు కూడా ముఖ్యమే. పిస్టన్ పిన్నుకు అడ్డదిశలో, కింది అంచుకు కంపెనీ చెప్పినంత పైన కొలవాలి. చాలా యమహా బళ్లకు అది సుమారు 10 మి.మీ. ఎందుకంటే పిస్టన్ గుండ్రంగా కనిపిస్తుంది కానీ గుండ్రం కాదు. పైన ఎక్కువ వేడెక్కి ఎక్కువ పెరుగుతుంది కాబట్టి పై భాగాన్ని కాస్త చిన్నగా, మొత్తం కొద్దిగా కోలగా చేస్తారు.

ఆ ఖాళీ ఎందుకో కూడా తెలియాలి. 66 మి.మీ. అల్యూమినియం పిస్టన్ 100 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం 0.13 నుంచి 0.15 మి.మీ. దాకా పెరుగుతుంది. పోత ఇనుము అందులో సగమే పెరుగుతుంది. కంపెనీ ఇచ్చే ఖాళీ మాత్రం ఒక మి.మీ.లో కొన్ని నూరో వంతులే. అంత సన్నటి చోట అంచనాకు తావు లేదు. తక్కువైతే పట్టేస్తుంది, ఎక్కువైతే పిస్టన్ ఊగి రింగులు విరుగుతాయి.

ఐదవది, కోత, హోనింగ్. బోరింగ్ బారు తుది సైజుకు కొద్దిగా ముందే ఆగాలి. మిగిలిన నాలుగైదు నూరో వంతులు హోనింగ్ రాయితో తీయాలి. గోడ అద్దంలా మెరవకూడదు. అడ్డగీతలు కనిపించాలి, నూనె వాటిలోనే నిలుస్తుంది. కోత తర్వాత పోర్టుల అంచులు కత్తిలా పదునెక్కుతాయి. రింగు అక్కడ తట్టుకుని విరుగుతుంది. కాబట్టి ప్రతి కిటికీ అంచునూ చేతితో మెత్తగా వాలు చేయాలి. టూ స్ట్రోక్ రింగుల గాడిలో చిన్న పిన్ను ఉంటుంది, రింగు కొసలు తిరిగి కిటికీలోకి పోకుండా అది ఆపుతుంది. రింగు కొసలు ఆ పిన్నుకు సరిగ్గా కూర్చున్నాయో లేదో చూడాలి.

ఆ తర్వాత సిలిండరును పెట్రోలుతో కాదు, వేడినీళ్లు, సబ్బు వేసి బ్రష్షుతో కడగాలి. తెల్లటి గుడ్డకు నూనె రాసి లోపల తుడిస్తే గుడ్డ తెల్లగానే రావాలి. నల్లబడితే రాతిపొడి ఇంకా ఉన్నట్టే. మన అమ్మలు బియ్యం కడిగినప్పుడు నీళ్లు తేటపడే దాకా కడుగుతారే, అంత ఓపిక కావాలి.

ఆరవది, హెడ్డు. వ్యాసం పెరిగితే కంప్రెషన్ కూడా పెరుగుతుంది. పిస్టన్ పైన మిగిలే చోటు 20 సీసీ అనుకుందాం. 171 సీసీకి నిష్పత్తి సుమారు 9.5. అదే చోటుతో 192 సీసీకి 10.6. మన పెట్రోలుకు, గాలి చల్లదనపు హెడ్డుకు అది ఎక్కువ కావచ్చు, ఇంజిన్ కొట్టుకుంటుంది. పైగా 66 మి.మీ.కు చేసిన హెడ్డు గుంత అంచు 70 మి.మీ. పిస్టన్‌కు దగ్గరవుతుంది. అందుకే హెడ్డును కూడా కొత్త వ్యాసానికి తగ్గట్టు తీర్చాలి. అంచు దగ్గర ఖాళీ ఎంతుందో చూడటానికి సోల్డర్ తీగను ప్లగ్ రంధ్రం గుండా పెట్టి, పిన్ను దిశలో సిలిండరు గోడకు ఆనించి, క్రాంకును చేత్తో ఒక చుట్టు తిప్పాలి. నలిగిన కొసను మైక్రోమీటరుతో కొలిస్తే ఖాళీ తెలుస్తుంది. రూపాయల్లో ఖర్చయ్యే పరీక్ష వేలు ఖరీదు చేసే ఇంజిన్‌ను కాపాడుతుంది.

ఏడవది, పెట్రోలు, నూనె. పెద్ద సిలిండరుకు జెట్ సరిచూడాలి. మొదట కాస్త పెద్ద జెట్‌తో మొదలుపెట్టి, ప్లగ్ రంగు చూస్తూ తగ్గించుకోవాలి. చిన్న జెట్‌తో మొదలుపెట్టి పెంచకూడదు. పెట్రోలు ఎక్కువైతే పొగ వస్తుంది, తక్కువైతే పిస్టన్ కరుగుతుంది. నూనె కలిపే బండైతే లీటరుకు 20 మి.లీ. అంటే 50కి 1, 40 మి.లీ. అంటే 25కి 1. ఇంజిన్‌కు ఏది చెప్పారో అదే వేయాలి. కొత్త బోర్‌ను వేడెక్కించి, చల్లార్చి, మళ్లీ వేడెక్కించి నెమ్మదిగా అలవాటు చేయాలి. మొదటి రోజే పూర్తి యాక్సిలరేటరు ఇచ్చి చూడాలన్న ఆరాటం చాలా పిస్టన్లను తినేసింది.

రోడ్డు వేరు, మైదానం వేరు

ఇప్పుడు తల్లిదండ్రులు శ్రద్ధగా వినాలి. టూ స్ట్రోక్ ఇంజిన్ పరుగులో పట్టేస్తే వెనుక చక్రం ఒక్కసారిగా ఆగిపోతుంది. క్లచ్ పట్టుకునేలోపు బండి పడిపోతుంది. సరిగ్గా కొలవని నూరో వంతు మిల్లీమీటరు మనిషి ప్రాణం మీదికి వచ్చేది ఇలాగే. పాత డ్రమ్ బ్రేకులు, పాత ఫోర్కులు ఉన్న బండికి ఇంజిన్ మాత్రం పెంచితే, ఆపే శక్తి కన్నా పోయే శక్తి ఎక్కువవుతుంది.

చట్టం కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షను ప్రకారం కంపెనీ నిర్దేశించిన వివరాలకు, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే స్పష్టం చేసింది. 2019 సవరణ తర్వాత, అనుమతి లేని మార్పుకు ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. ప్రమాదం జరిగితే బీమా క్లెయిము చిక్కుల్లో పడుతుంది. అరిగిన ఇంజిన్‌కు కంపెనీ అనుమతించిన ఓవర్‌సైజు వేయడం రిపేరు. 98 సీసీ బండిని ఇంకేదో చేసి వీధిలో తిప్పడం నేరం. పెంచిన ఇంజిన్ చోటు పందెపు మైదానం, అది కూడా నిబంధనలున్న పోటీలో, హెల్మెట్టు, కవచాలతో. ఈ గీత పిల్లలకు మీరే గట్టిగా చెప్పాలి.

షెడ్డులో కూర్చుంటే చెడిపోతాడా?

అయినా షెడ్డుకు వెళ్లొద్దని నేను చెప్పను. కోయంబత్తూరు ప్రాంతంలో మన తెలుగు కుటుంబంలో పుట్టిన జి.డి. నాయుడు (1893-1974) గారి పేరు మీకు తెలుసు. చిన్నప్పుడు ఒక బ్రిటిష్ అధికారి రడ్జ్ మోటారు సైకిలు చూసి ఆశపడి, హోటల్లో పనిచేసి డబ్బు కూడబెట్టి దాన్నే కొని, నడపడంతో ఆగకుండా విప్పి, మళ్లీ బిగించి నేర్చుకున్నారని ఆయన చరిత్ర రాసినవారు చెబుతారు. తర్వాత బస్సులు నడిపారు, 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి దేశంలోనే తొలి ఎలక్ట్రిక్ మోటారును తయారుచేశారు, సాంకేతిక విద్యాసంస్థలు స్థాపించారు. చేతికి గ్రీజు అంటితే చదువు పోదు అనడానికి మన ఇళ్లలోనే ఉదాహరణ ఉంది.

కాబట్టి తల్లిదండ్రులకు నా మనవి ఇది. మీవాడు షెడ్డు నుంచి వచ్చాక "ఇంతసేపు ఎక్కడున్నావు?" అని మాత్రమే అడగకండి. "ఈ రోజు ఏం కొలిచావు?" అని అడగండి. నోటుబుక్కులో ఆరు అంకెలు చూపిస్తే అతను చదువుకుంటున్నాడు. ఏమీ చూపించలేకపోతే కాలక్షేపం చేస్తున్నాడు. ఆ తేడా పట్టుకోవడానికి మీకు ఇంజినీరింగు రానక్కర్లేదు. ఆడపిల్లలు ఈ పనిమీద ఇష్టం చూపిస్తే వారినీ ఆపకండి. మైక్రోమీటరు పట్టుకోవడానికి కండబలం అక్కర్లేదు, స్థిరమైన చెయ్యి, నిజాయితీగా అంకె రాసే అలవాటు చాలు.

విద్యార్థులారా, "టూ స్ట్రోక్ కాలం అయిపోయింది కదా, ఇది నేర్చుకుని లాభమేమిటి?" అని మీరు అడగవచ్చు. నిజమే, 2000 తర్వాత కాలుష్య నియమాలు బిగుసుకోవడంతో మన దేశంలో టూ స్ట్రోక్ మోటారు సైకిళ్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఇప్పుడు విద్యుత్ బళ్లు వస్తున్నాయి. కానీ విద్యుత్ మోటారులోనూ బేరింగు కూర్చునే చోటు నూరో వంతు మిల్లీమీటరు లెక్కలోనే ఉంటుంది. హోసూరులోనో, పీణ్యలోనో, పుణేలోనో రేపు మీరు మెషీన్ ముందు నిలబడితే, అక్కడ మిమ్మల్ని నిలబెట్టేది ఈ పద్ధతే: ముందు కారణం వెతకడం, కొలవడం, రాసుకోవడం, ఒకటి మారిస్తే ఇంకేం మారుతుందో ఆలోచించడం, ఆ తర్వాతే కోయడం. తీసేసిన లోహం తిరిగి రాదు.

ఈ రోజు మీ చేతికి వచ్చే ఉపకార వేతనం దాతలు కష్టపడి సంపాదించింది. దాంతో ఫీజు కట్టండి, పుస్తకాలు కొనండి. మెకానికల్ చదివేవారికి కొంత మిగిలితే ఒక మంచి మైక్రోమీటరు కొనుక్కోండి. పెద్ద పిస్టన్ కన్నా అది మిమ్మల్ని ఎక్కువ దూరం తీసుకెళ్తుంది.